సైన్స్ ఫెయిర్ విజేతల జాబితా వెనకున్న లెక్క

ప్రాంతీయ సైన్స్ ఫెయిర్ ముగిశాక బయటికొచ్చే అవార్డుల జాబితా చూస్తే చాలామందికి లెక్క తేలదు. ఒక విభాగంలో మొదటి బహుమతి తెచ్చుకున్న ప్రాజెక్టు పై స్థాయి పోటీకి వెళ్లదు, మరో విభాగంలో రెండోది వెళ్తుంది. విభాగంలో ఏ స్థానమూ రాని అమ్మాయికి రెండు ప్రత్యేక బహుమతులు వస్తాయి. ఒకే విభాగంలో ముగ్గురికి ‘ఫస్ట్’ ఇస్తారు. ఇదంతా చూసి పక్షపాతమని తేల్చేసేవాళ్లున్నారు, అంతా అదృష్టమని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. అదృష్టం పాత్ర కొంత ఉన్నమాట నిజమే, అదెంతో కూడా లెక్కగట్టి చెప్పొచ్చు. అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ ఒక్క జాబితాలో మూడు వేర్వేరు పోటీల ఫలితాలు కలిసిపోయి ఉంటాయి. ఒక్కో పోటీకి జడ్జీలు వేరు, కొలబద్ద వేరు.

మొదటిది విభాగాల పోటీ. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, పర్యావరణ ఇంజినీరింగ్ ఇలా విభాగాలవారీగా మార్కులు వేసి స్థానాలిస్తారు. రెండోది ప్రత్యేక బహుమతులు. వీటిని బయటి సంస్థలు తమ సొంత జడ్జీలతోనో, ఫెయిర్ జడ్జీలకు తమ షరతులు అప్పజెప్పో ఇస్తాయి. మూడోది పై స్థాయికి ఎంపిక. విభాగాల్లో ముందున్న ప్రాజెక్టులను మళ్లీ పక్కపక్కన పెట్టి, ఉన్న కొద్ది సీట్లకు ఎవరిని పంపాలో నిర్ణయిస్తారు. ఒకదాంట్లో గెలిస్తే మరోదాంట్లో గెలవాలని ఎక్కడా లేదు.

ఈ ఫెయిర్లలో చాలావాటికి నిబంధనల పుస్తకం ఒక్కటే. 1950లో ఫిలడెల్ఫియాలో నేషనల్ సైన్స్ ఫెయిర్‌గా మొదలై 1958లో అంతర్జాతీయ స్థాయికి ఎదిగిన పోటీని ఇప్పుడు రీజెనరాన్ ఐసెఫ్ (అంతర్జాతీయ సైన్స్, ఇంజినీరింగ్ ఫెయిర్) అంటున్నారు. సొసైటీ ఫర్ సైన్స్ దాన్ని నడుపుతుంది. 9 నుంచి 12వ తరగతి విద్యార్థుల కోసం పెట్టిన ఆ పోటీకి నేరుగా దరఖాస్తు పెట్టే వీల్లేదు, అనుబంధ ఫెయిర్‌లో నెగ్గి రావాలి. అందుకే అనుబంధ ఫెయిర్లు ఐసెఫ్ నియమాలను, మార్కుల పద్ధతిని యథాతథంగానో స్వల్ప మార్పులతోనో వాడతాయి. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఆ పద్ధతివే.

వంద మార్కులు ఎలా పంచుతారు

పరిశోధన ప్రశ్నకు 10, ప్రయోగ రూపకల్పనకు 15, అమలుకు 20, సృజనకు 20, ప్రదర్శనకు 35. ఆ 35లో బోర్డుకు 10, ముఖాముఖికి 25. అమలు అంటే డేటా సేకరణ, విశ్లేషణ, దాన్నుంచి తీసిన నిర్ధారణ. ఇంజినీరింగ్ ప్రాజెక్టుకూ ఇవే అంకెలు, అడిగేవి మాత్రం మారతాయి. ‘ప్రశ్న’ స్థానంలో తీర్చాల్సిన సమస్య, ‘అమలు’ దగ్గర నమూనా తయారీ, పరీక్షలు వస్తాయి.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. బోర్డు అందచందాలకు పోయేది పదే. వారాలకు వారాలు రంగు కాగితాలు అంటించడం మీద ఖర్చుపెట్టేవాళ్లు ఈ అంకె ఒకసారి చూసుకుంటే మంచిది. రెండోది, ముఖాముఖికి ఉన్న పాతిక మార్కులు ఏ ఒక్క ఇతర అంశానికీ లేవు. పైగా రూపకల్పనకు, అమలుకు వేసే మార్కులు కూడా ఆ పది పదిహేను నిమిషాల మాటల్లోనే తేలతాయి. లాగ్‌బుక్ తిరగేసే సమయం జడ్జికి పెద్దగా ఉండదు.

అక్కడ కంఠస్థం చేసిన ప్రసంగం పనికిరాదు. జడ్జి రెండు నిమిషాలు విని అడ్డు తగులుతారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఏ విభాగంలోనైనా ఒకే తీరుగా ఉంటాయి. ఈ సంఖ్యలో నమూనాలే ఎందుకు తీసుకున్నావు? కంట్రోల్ (పోల్చి చూడటానికి ఏ మార్పూ చేయకుండా ఉంచినది) ఏది? గ్రాఫ్ మీద ఈ ఎర్రర్ బార్ (అనిశ్చితిని చూపే గీత) దేన్ని చూపిస్తోంది? అనుకున్నదానికి భిన్నంగా వచ్చిన రీడింగ్ ఏదైనా ఉందా, దాన్ని ఏం చేశావు? ఇందులో నువ్వు చేసిందేమిటి, నీ గైడ్ చేసిందేమిటి? యూనివర్సిటీ ల్యాబ్‌లో చేసిన ప్రాజెక్టులు చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువగా దొరికిపోతాయి. ఖరీదైన పరికరం వాడినందుకు మార్కులేమీ రావు. అది ఏం కొలుస్తుందో, రీడింగ్ తప్పుగా ఎప్పుడు చూపిస్తుందో చెప్పలేకపోతే మార్కులు పోతాయి. ‘ఈ భాగం ల్యాబ్ వాళ్లు చేసిచ్చారు, ఇక్కణ్నుంచి నాది’ అని గీత గీసి చెప్పినవాళ్లకు నష్టం రాదు. జట్టుగా వచ్చినవాళ్లలో ఒకరే మాట్లాడి మిగతావాళ్లు తలూపితే మాత్రం నష్టమే. జట్టులో గరిష్ఠంగా ముగ్గురే ఉండాలి, ముగ్గురికీ ప్రాజెక్టు మొత్తం తెలిసుండాలి.

ఒక జడ్జి 88, ఇంకో జడ్జి 82

అందరు జడ్జీలూ అన్ని ప్రాజెక్టులనూ చూడటం కుదిరే పని కాదు. ఒక ప్రాజెక్టును నలుగురైదుగురు చూస్తారు, ఒక్కో జడ్జి ఎనిమిదో పదో చూస్తారు. కొందరి చేయి ఉదారం, కొందరిది పిసినారి. మార్కులు నేరుగా సగటు వేస్తే ఉదారమైన జడ్జీలు దక్కినవాడు గెలుస్తాడు.

అందుకే ప్రతి మార్కునూ అది వేసిన జడ్జి సగటుతో పోల్చి సరిచేయాలి. ఒక లెక్క వేసి చూద్దాం. మొదటి జడ్జి తాను చూసిన ఎనిమిది ప్రాజెక్టులకు వేసిన సగటు 86, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్న కొలత) 4. రెండో జడ్జి సగటు 70, విచలనం 8. మొదటి జడ్జి దగ్గర 88 తెచ్చుకున్న ప్రాజెక్టు ఆ సగటు కంటే రెండు మార్కులే పైన ఉంది. రెండును నాలుగుతో భాగిస్తే 0.5. రెండో జడ్జి దగ్గర 82 తెచ్చుకున్నది సగటు కంటే 12 పైన ఉంది. పన్నెండును ఎనిమిదితో భాగిస్తే 1.5. చూడ్డానికి 88 పెద్దది, సరిచేశాక 82 చాలా ముందుంటుంది. ‘నాకు 88 వచ్చింది, 82 వచ్చినవాడికి ప్రైజ్ ఎలా ఇచ్చారు’ అన్న ఫిర్యాదుకు చాలాసార్లు జవాబు ఇదే.

ఈ సవరణ అన్ని రోగాలకూ మందు కాదు. ఒక జడ్జికి వంతులో వచ్చిన ఎనిమిదీ గట్టి ప్రాజెక్టులే అయితే, వాటిలో సగానికి అన్యాయంగా మైనస్ మార్కులు పడతాయి. అందుకే పద్ధతిగా నడిచే ఫెయిర్లలో మార్కులతో ఆపరు. విభాగం జడ్జీలంతా కూర్చుని, పైనున్న నాలుగైదు ప్రాజెక్టులను రెండేసి చొప్పున పోల్చి వాదించుకుంటారు. స్థానాలు ఆ గదిలో మారతాయి. ‘కంట్రోల్ గురించి నేను అడిగితే చెప్పలేకపోయాడు’ అని ఒకరంటే, ‘నాకు శుభ్రంగా చెప్పాడే’ అని ఇంకొకరంటారు. ముఖాముఖిలో ఒక జడ్జి దగ్గర తడబడ్డా మిగతావాళ్ల దగ్గర నిలదొక్కుకోవాల్సిన అవసరం ఇందుకే.

ఇక అదృష్టం సంగతి. ఒకే ప్రాజెక్టుకు ఐదుగురు జడ్జీలు వేసిన మార్కులు సుమారు 6 విచలనంతో చెదిరి ఉన్నాయనుకుంటే, ఆ సగటులోని ప్రామాణిక దోషం (జడ్జీలు మారితే సగటు అటూఇటూ ఊగే మేర) 6ను 5 వర్గమూలంతో భాగించగా వచ్చే 2.7. రెండు ప్రాజెక్టుల మధ్య తేడాకైతే అది 3.8 దాకా పోతుంది. అంటే రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య ఒక్క మార్కే తేడా ఉంటే, మరుసటి రోజు ఇంకో ఐదుగురు జడ్జీలు వచ్చినప్పుడు ఆ వరుస తిరగబడటానికి పూర్తి అవకాశం ఉంది. పది మార్కుల తేడా తిరగబడటం మాత్రం చాలా అరుదు. ఈ ఇబ్బంది తెలిసే కొన్ని ఫెయిర్లు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇవ్వకుండా మెట్లు ఇస్తాయి. ఫలానా స్థాయి దాటినవాళ్లందరికీ ‘ఫస్ట్’, దాని కింద మెట్టువాళ్లందరికీ ‘సెకండ్’. ఐసెఫ్‌లోనూ ఒక్కో విభాగంలో మొదటి బహుమతి ఒకరికి మించి ఇస్తారు.

విభాగం పరిమాణం కూడా మరిచిపోకూడదు. ఆరు ప్రాజెక్టుల్లో మొదటిదానికీ నలభైలో మొదటిదానికీ జాబితాలో తేడా కనిపించదు. ఏ విభాగంలో పేరు నమోదు చేయాలన్నది నిజంగా ఆలోచించాల్సిన నిర్ణయం. ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తించే ప్రోగ్రామ్ వృక్షశాస్త్రంలోకి వెళ్తే, ఆ తెగులు ఏ శిలీంధ్రం వల్ల వస్తుంది, ఎలా పాకుతుంది అని అడుగుతారు. కంప్యూటర్ విభాగంలోకి వెళ్తే మోడల్ లోపలి సంగతులు అడుగుతారు. కొత్తదనం ఎక్కడుందో అక్కడికే వెళ్లాలి. పోటీ తక్కువని చూసి వేరేచోట చేరినవాళ్లు ముఖాముఖిలో ఇరుక్కుంటారు.

స్థానాలు ఎక్కడ చేజారతాయి

విజేతలకూ వాళ్ల వెనకున్నవాళ్లకూ తేడా తెచ్చేది ఆలోచనల గొప్పతనం కంటే ప్రయోగం కట్టిన తీరు అని నిర్మొహమాటంగా చెప్పాలి. ఎప్పుడూ కనిపించే ఒక ప్రాజెక్టునే తీసుకుందాం. ఉప్పునీరు గింజల మొలకపై చూపే ప్రభావం. లీటరు నీటికి 5.84 గ్రాముల సోడియం క్లోరైడ్ కలిపితే 100 మిల్లీమోలార్ (గాఢతకు కొలత) ద్రావణం. దాన్ని పలచన చేసి 75, 50, 25 తయారుచేస్తారు, స్వేదనజలం సున్నా. ఒక్కో గాఢతకు ఐదు పెట్రీ డిష్‌లు, డిష్‌కు 20 గింజలు, 5 మిల్లీలీటర్ల ద్రావణం. మొత్తం 25 డిష్‌లు, 500 గింజలు.

మొదటి తప్పు అమరికలో జరుగుతుంది. గుర్తు పట్టడానికి వీలుగా ఒకే గాఢత డిష్‌లన్నీ ఒక వరుసలో పెడతారు, అందులో ఒక వరుస కిటికీ పక్కకు వస్తుంది. అక్కడ వేడికి నీళ్లు త్వరగా ఆరతాయి. 50 మిల్లీమోలార్ ఉన్న 5 మిల్లీలీటర్లలోంచి ఒక్క మిల్లీలీటరు ఆవిరైతే గాఢత 62.5 అవుతుంది. రెండు మిల్లీలీటర్లు పోతే 83. అంటే ‘50’ అని రాసిన డిష్ నిజానికి ‘75’ డిష్ కంటే ఉప్పగా ఉంది, గ్రాఫ్ మాత్రం 50 దగ్గరే చుక్క పెట్టింది. ఇది చూసి కొందరు తగ్గిన మేరకు మళ్లీ ఉప్పు ద్రావణమే పోస్తారు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి డిష్‌లో ఉప్పు పెరుగుతూనే పోతుంది, గాఢత మళ్లీ 50కి రాదు. చేయాల్సింది ఏమిటంటే, మొదటి రోజు ప్రతి డిష్‌నూ తూచి బరువు రాసుకోవాలి, మూత అంచుకు పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టాలి, రోజూ తూచి తగ్గినంత స్వేదనజలంతో నింపాలి. డిష్‌లకు 1 నుంచి 25 దాకా నంబర్లు వేసి, చీటీలు తీసి స్థానాలు కేటాయించాలి.

రెండో తప్పు లెక్కింపులో. ఒక గాఢతకు వంద గింజలున్నాయి కాబట్టి నమూనాల సంఖ్య 100 అని బోర్డు మీద రాస్తారు. ఒకే డిష్‌లోని ఇరవై గింజలు ఒకే నీళ్లు, ఒకే వేడి, ఒకే బూజు పంచుకుంటాయి. ద్రావణం ఇచ్చింది డిష్‌కు, కాబట్టి నమూనాల సంఖ్య 5. ఐదు డిష్‌లలో మొలకెత్తినవి 14, 16, 11, 17, 12 అనుకోండి. సగటు 14, అంటే 70 శాతం. ప్రామాణిక విచలనం 2.55, ప్రామాణిక దోషం 1.14. ఐదు నమూనాలే ఉన్నప్పుడు 95 శాతం విశ్వాస పరిధికి (అసలు విలువ ఉండొచ్చని నమ్మదగిన హద్దులకు) 1.96తో కాకుండా 2.78తో గుణించాలి. పరిధి 54 నుంచి 86 శాతం దాకా వస్తుంది. వంద గింజలనూ విడివిడి నమూనాలుగా లెక్కిస్తే అదే పరిధి 61 నుంచి 79కి కుదించుకుపోయి, లేని నమ్మకాన్ని చూపిస్తుంది. గణాంకాలు తెలిసిన జడ్జి అడిగే మొదటి ప్రశ్న ఇదే. ‘నమూనాల సంఖ్య ఐదు’ అని రాసి, పరిధి వెడల్పుగా ఉందని ఒప్పుకున్న బోర్డుకు ఎక్కువ మార్కులు పడటం ఇలాంటి చోటే.

మొక్కల రసాలతో బ్యాక్టీరియాను అడ్డుకునే ప్రాజెక్టుల జబ్బు వేరు. ఆకుల పొడిని ఇథనాల్‌లో నానబెట్టి, ఆ రసంలో ముంచిన కాగితపు బిళ్లను బ్యాక్టీరియా పూసిన అగార్ (జెల్లీ లాంటి పదార్థం) మీద పెడతారు. చుట్టూ 8 మిల్లీమీటర్ల ఖాళీ వలయం వచ్చిందంటారు. బిళ్ల వ్యాసమే 6 మిల్లీమీటర్లు, నిజంగా ఏర్పడింది రెండే. ఒట్టి ఇథనాల్‌లో ముంచిన బిళ్ల కూడా పక్కన పెట్టి చూస్తే దానికీ 8 రావచ్చు. ఆ రెండో బిళ్లే ద్రావణి కంట్రోల్. అది లేకుండా ‘ఈ ఆకులో మందు గుణం ఉంది’ అన్న నిర్ధారణకు ఆధారం లేదు. బిళ్లలను అగార్ మీద పెట్టే ముందు ఇథనాల్ పూర్తిగా ఆరనివ్వాలి. అగార్ మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. పలచగా పోస్తే వలయం పెద్దదవుతుంది, మందంగా పోస్తే చిన్నదవుతుంది. బ్యాక్టీరియా పలచగా పూసినా వలయం పెరుగుతుంది, అందుకే 0.5 మెక్‌ఫార్లాండ్ అనే మసకతనపు ప్రమాణంతో పోల్చి, అంటే మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్ల కణాలు ఉండేలా చూసి పూయాలి. తెలిసిన యాంటీబయాటిక్ బిళ్ల ఒకటి పాజిటివ్ కంట్రోల్‌గా ఉంటే, మొత్తం ప్లేటు సరిగా పనిచేసిందో లేదో తెలుస్తుంది.

కృత్రిమ మేధ ప్రాజెక్టుల్లో 98 శాతం కచ్చితత్వం కనిపిస్తే జడ్జి ఆనందించరు, అనుమానిస్తారు. వంద ఆకులను ఒక్కోదాన్ని పదిసార్లు ఫొటో తీసి వెయ్యి ఫొటోలు పోగేశారనుకుందాం. వాటిని కలిపేసి 80 శాతం శిక్షణకు, 20 శాతం పరీక్షకు విడగొడితే, ప్రతి ఆకు ఫొటో ఏదో ఒకటి శిక్షణలోకి వెళ్లడం దాదాపు ఖాయం. మోడల్ తెగులును కాకుండా ఆ ఆకునే గుర్తుపట్టింది. విభజన ఫొటోలవారీగా కాకుండా ఆకులవారీగా, ఇంకా మేలైతే మొక్కలవారీగా చేయాలి. ఫొటోలను తిప్పి, ముక్కలు చేసి సంఖ్య పెంచే పని విభజన తర్వాతే, అదీ శిక్షణ భాగానికే. ఇంకో వల నేపథ్యం. జబ్బు ఆకులు తెల్ల కాగితం మీద, మంచి ఆకులు మట్టి మీద పెట్టి తీస్తే మోడల్ కాగితాన్ని నేర్చుకుంటుంది. ఆకును చెరిపేసి నేపథ్యం మాత్రమే ఇచ్చి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఈ లోపాలను తనే పట్టుకుని సరిచేసి, కచ్చితత్వం 98 నుంచి 81కి పడిపోయిందని బోర్డు మీద రాసుకున్న విద్యార్థి 98 రాసుకున్నవాడి కంటే ముందుంటాడు.

ఇంజినీరింగ్‌లో సమస్య సాధారణంగా ‘పనిచేసింది’ అన్న మాట దగ్గర మొదలవుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నిస్తే ఎన్నిసార్లు పనిచేసింది, దేనితో పోల్చితే మెరుగు అన్నది అంకెల్లో ఉండాలి. నేల తేమ కొలిచే సెన్సర్ తెరమీద ‘42 శాతం’ అని చూపిస్తే, ఆ 42 ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పగలగాలి. మట్టి నమూనాను తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి, మళ్లీ తూచి తేమ లెక్కగట్టి, ఆ విలువలతో సెన్సర్ రీడింగులను పోల్చి గీత గీస్తేనే అది కొలత. మట్టి రకం మారితే గీత కూడా మారుతుంది. తయారీకి ముందే ‘దోషం 3 శాతం మించకూడదు, ఒక్క ఛార్జింగ్‌తో వారం నడవాలి’ లాంటి లక్ష్యాలు తేదీతో రాసి ఉంచుకున్న లాగ్‌బుక్ ఈ విభాగంలో బంగారం.

ప్రయోగం బాగున్నా కాగితాలు ముంచేస్తాయి

కొన్ని మంచి ప్రాజెక్టులు జాబితాలో కనిపించకపోవడానికి కారణం జడ్జీలు కారు, అవి జడ్జీల దాకా రానేలేదు. మనుషుల మీద సర్వే చేసినా, వెన్నెముక ఉన్న జంతువులతో పనిచేసినా, సూక్ష్మజీవులను పెంచినా ప్రయోగం మొదలుపెట్టక ముందే అనుమతి ఉండాలి. సమీక్ష కమిటీ మొదట చూసేది తేదీలు. అనుమతి సంతకం తేదీ కంటే లాగ్‌బుక్‌లో తొలి రీడింగ్ తేదీ ముందుంటే, తర్వాత ఎన్ని సంతకాలు తెచ్చినా లాభం లేదు.

బ్యాక్టీరియాను ఇంట్లో పెంచడం నిషిద్ధం, హాని లేని రకమైనా సరే. తలుపు పిడి నుంచి, ఫోన్ మీద నుంచి నమూనా ఇంట్లో తీసుకోవచ్చు గానీ, వెంటనే తగిన ల్యాబ్‌కు చేర్చి అక్కడే పెంచాలి. ఏ రకమో తెలియని బ్యాక్టీరియా పెరిగిన ప్లేటును మూసే ఉంచాలి. మూత తీసి వేరుచేస్తే భద్రతా స్థాయి మారిపోతుంది. వెన్నెముక ఉన్న జంతువుల ప్రయోగాల్లో ప్రయోగ విధానం వల్ల ఏ సమూహంలోనైనా ఒక్క జంతువు చనిపోయినా ఆ ప్రాజెక్టుకు అర్హత పోతుంది. సహవిద్యార్థులకు ప్రశ్నపత్రం పంచడం కూడా మనుషుల మీద పరిశోధన కిందికే వస్తుంది. ముగ్గురికి తగ్గని సమీక్ష మండలి దాన్ని ముందుగా చూడాలి. అందులో ఒక ఉపాధ్యాయుడు, పాఠశాల నిర్వాహకుల్లో ఒకరు, వైద్య లేదా మానసిక ఆరోగ్య రంగం నుంచి ఒకరు ఉండాలి. పిల్లలకు పంచిన ప్రశ్నపత్రమైతే తల్లిదండ్రుల అనుమతి కావాలో లేదో తేల్చేది కూడా ఆ మండలే.

చివరి వడపోత ప్రదర్శన హాల్లో జరుగుతుంది. స్టాలు లోతు 76 సెంటీమీటర్లు, వెడల్పు 122, నేల నుంచి ఎత్తు 274 మించకూడదు. బల్ల మీద మొక్క, మట్టి, రాయి, ఆహారం, రసాయనం ఏదీ ఉండకూడదు, సీసాలో మంచినీళ్లను కూడా ప్రదర్శన వస్తువుగా పెట్టనివ్వరు. పాత పతకాలు వేలాడదీయకూడదు. ప్రతి ఫొటో కింద, ప్రతి గ్రాఫ్ కింద ఎవరు తీశారో, ఎవరు గీశారో రాయాలి. వీటిలో ఏదైనా తేడా వస్తే జడ్జీలు రాకముందే సరిచేసుకోమంటారు. సరిచేయలేకపోతే అంతటితో సరి.

ప్రత్యేక బహుమతుల తర్కం

ఇప్పుడు, విభాగంలో స్థానం రాని ప్రాజెక్టుకు ప్రత్యేక బహుమతి ఎలా వస్తుందో చూడటం తేలిక. బయటి సంస్థకు తన షరతు తీరితే చాలు. అమెరికాలోని ప్రాంతీయ ఫెయిర్లలో మెట్రిక్ కొలమానాలను ప్రచారం చేసే యూఎస్ మెట్రిక్ అసోసియేషన్ ఎస్ఐ ప్రమాణాలను సరిగ్గా వాడిన ప్రాజెక్టుకు గుర్తింపు ఇస్తుంది. యేల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ అసోసియేషన్ బహుమతి 11వ తరగతి విద్యార్థులకు మాత్రమే. పన్నెండో తరగతి ప్రాజెక్టు అంతకంటే ఎంత గొప్పదైనా దానికి పరిగణనలోకే రాదు. వాతావరణం, మనస్తత్వశాస్త్రం, గణితం, నీరు, సుస్థిరత ఇలా ఒక్కో సంస్థకు ఒక్కో ఆసక్తి. నీటి శుద్ధి ప్రాజెక్టు ఒకటి పర్యావరణ విభాగంలో ఐదో స్థానంలో ఉండిపోయినా, నీటికి సంబంధించిన బహుమతులు ఇచ్చేవాళ్లు చూసే ఐదారు ప్రాజెక్టుల్లో అదే మేలైనది కావచ్చు. ఈ బహుమతుల సంఖ్యను విభాగం స్థానంతో కలిపి ‘ఎవరు పెద్ద విజేత’ అని తేల్చబోతే లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇందులో ఆచరణకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఏయే ప్రత్యేక బహుమతులు ఉన్నాయో చాలా ఫెయిర్లు ముందే ప్రకటిస్తాయి. కొన్నింటికి విడిగా దరఖాస్తు పెట్టాలి. ప్రాజెక్టు సంగ్రహంలో (అబ్‌స్ట్రాక్ట్‌లో) ఆ అంశం పేరు ఒక్కసారైనా లేకపోతే, ఆ సంస్థ జడ్జి స్టాలు దాకా రారు. వాళ్లు సంగ్రహాలు చదివే చూడాల్సినవి ఎంచుకుంటారు.

పై పోటీకి ఎవరు

అనుబంధ ఫెయిర్‌కు దక్కే ఐసెఫ్ సీట్లు పరిమితం, విభాగాల సంఖ్య కంటే చాలా తక్కువ. కాబట్టి విభాగాల విజేతలందరూ వెళ్లలేరు. రెండో విడత జడ్జీలు వేర్వేరు విభాగాల ప్రాజెక్టులను పోల్చాలి, అంటే గణిత సిద్ధాంతాన్నీ రోబో చేతినీ ఒకే బల్ల మీద పెట్టి చూడాలి. అక్కడ విభాగం మార్కులు పక్కకు పోతాయి. విద్యార్థి సొంత కృషి ఎంత, ఫలితం ఎంత గట్టిది, పై స్థాయి నిపుణుల ప్రశ్నలకు నిలుస్తుందా అన్నవి ముందుకొస్తాయి. బలమైన విభాగంలో రెండోది బలహీనమైన విభాగంలో మొదటిదాన్ని దాటేది ఈ విడతలోనే. 6 నుంచి 8వ తరగతి విజేతలకు ఐసెఫ్ అర్హత లేదు. సొసైటీ ఫర్ సైన్స్ అనుబంధ ఫెయిర్లలో పాల్గొన్న ఆ తరగతుల పిల్లల్లో పై 10 శాతం మందిని థర్మో ఫిషర్ జూనియర్ ఇన్నోవేటర్స్ ఛాలెంజ్‌కు నామినేట్ చేస్తారు. చిన్న తరగతుల జాబితాలో కనిపించే ‘నామినేషన్’ అన్న మాటకు అర్థం అదే. అది బహుమతి కాదు, దరఖాస్తు పెట్టుకునే అవకాశం.

జాబితాలో పేరు లేనివాళ్లు అడిగి తెచ్చుకోవాల్సింది అంశాలవారీ మార్కులు, జడ్జీల వ్యాఖ్యలు. ఇచ్చే ఫెయిర్లు ఉన్నాయి, అడిగితేనే ఇచ్చేవీ ఉన్నాయి. మొత్తం మార్కు చూసి ప్రయోజనం లేదు. రూపకల్పనకు 15లో 7 వచ్చి ముఖాముఖికి 25లో 21 వస్తే లోపం కంట్రోల్‌లోనో నమూనాల్లోనో ఉంది. తలకిందులుగా వస్తే ప్రయోగం బాగుంది, చెప్పడం రాలేదు.

అదే ప్రాజెక్టును మరుసటి ఏడు కొనసాగించాలనుకుంటే అందుకో ఫారం వేరే ఉంది, ఏడో నంబరుది. కిందటేడు చేసిందేమిటి, ఈ ఏడు మారిందేమిటి అని అంశాలవారీగా పక్కపక్కన రాయాలి. పోటీకి లెక్కలోకి వచ్చేది గరిష్ఠంగా 12 నెలల వరుస పని మాత్రమే. బోర్డు మీద ఈ ఏడాది పనే ఉండాలి, పాత డేటా పుస్తకం బల్ల మీద పెట్టుకోవచ్చు. అదే ప్రశ్న, అదే పద్ధతి తీసుకుని డిష్‌లు ఐదు నుంచి ఇరవైకి పెంచి తెస్తే కొనసాగింపుగా ఒప్పుకోరు. ఉప్పునీటి ప్రాజెక్టే అయితే, సోడియం క్లోరైడ్‌కు బదులు అంతే ద్రవాభిసరణ పీడనం (నీళ్లను గింజలోకి పోకుండా పట్టి ఉంచే బలం) ఇచ్చే పాలిఇథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని పక్కన పెట్టి, గింజను అడ్డుకుంటున్నది ఉప్పు విషమా, నీళ్లు అందకపోవడమా అని విడదీసి అడగొచ్చు. అది కొత్త ప్రశ్న, దానికి కొత్త పరిశోధన ప్రణాళిక, కొత్త తేదీలతో కొత్త సంతకాలు కావాలి.